విండోస్ రన్ బాక్స్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

విండోస్‌లో నేను రోజూ వాడేవాటిలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పాతవాటిలో ఒకటి రన్ బాక్స్. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే స్క్రీన్ మీద ఎడమవైపు కింద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు, కావాల్సిన టూల్ ఎదురుగా ఉంటుంది. 1995లో వచ్చిన విండోస్ 95 నుంచీ ఇది ఉంది. నేను ఎక్స్‌పీ రోజుల్లో అలవాటు చేసుకున్నాను, 11కి వచ్చినా వదల్లేదు. ఎందుకు వదల్లేదంటే, విండోస్‌లో సెట్టింగులు ఉండే చోటు మారుతూ ఉంటుంది కానీ వాటిని పిలిచే పేరు దాదాపుగా మారదు. నా దృష్టిలో దీని విలువంతా అక్కడే ఉంది.

సౌండ్ సంగతే తీసుకోండి. విండోస్ 7లో గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ప్లేబ్యాక్ డివైసెస్ అని కనిపించేది. 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ అంటూ లోపలికి వెళ్లి, పేజీ అడుగుదాకా దిగి, మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కాలి. రన్ బాక్స్‌లో మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే మాట: ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ (mmsys.cpl). మీటింగ్ మొదలైంది, మన గొంతు అవతలివాళ్లకి వినపడటం లేదు, అందరూ ఎదురు చూస్తున్నారు. ఆ టెన్షన్‌లో ఏ మెనూలో ఏముందో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? ఈ పేరు కొట్టి, తెరుచుకున్న విండోలో రికార్డింగ్ ట్యాబ్‌కి వెళ్తాను. అక్కడ ఒక్కో మైకు పక్కన ఒక్కో చిన్న మీటర్ ఉంటుంది. ఏదైనా మాట్లాడితే, పనిచేస్తున్న మైకు దగ్గర ఆకుపచ్చ గీతలు పైకి లేస్తాయి. డిఫాల్ట్‌గా ఉన్నదాని మీద ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. గీతలు లేచేది హెడ్‌సెట్ దగ్గర, టిక్కు ఉన్నది ల్యాప్‌టాప్ మైకు మీద అయితే విషయం తేలిపోయినట్టే. హెడ్‌సెట్‌ని ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కితే పని అయిపోతుంది.

మొదట్లో ఈ పేర్లు చూసి చాలామంది జంకుతారు. నిజానికి వాటికో పద్ధతి ఉంది. చివర సీపీఎల్ ఉంటే పాత కంట్రోల్ ప్యానెల్‌కి చెందింది. ఎంఎస్‌సీ ఉంటే మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో తెరుచుకునేది. విండోస్‌కి ముందున్న డాస్ కాలంలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదన్న హద్దు ఉండేది కాబట్టి ఇంగ్లిష్ మాటల్లో అచ్చులు తీసేసి కుదించారు. డివైస్ మేనేజర్‌కి డీఈవీఎంజీఎంటీ, ఆ తర్వాత డాట్ ఎంఎస్‌సీ. డిస్క్ మేనేజ్‌మెంట్‌కి డీఐఎస్‌కేఎంజీఎంటీ, చివర అదే ఎంఎస్‌సీ. మేనేజ్‌మెంట్ అన్నదల్లా ఎంజీఎంటీ అయిందని ఒకసారి గమనిస్తే మిగతావి వాటంతటవే నోటికి వస్తాయి. బట్టీ పట్టాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. అవసరం పడ్డప్పుడు ఒకటి నేర్చుకున్నాను, మరో నాలుగుసార్లు వాడేసరికి వేళ్లకే అలవాటైపోయింది.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆదుకున్నది ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్. కంప్యూటర్‌లో ఉన్న నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ ఒకే చోట కనిపిస్తాయి: వైఫై, కేబుల్, ఎప్పుడో తీసేసిన వీపీఎన్ తాలూకు మిగులు కూడా. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తూ ఒక్క పేజీ కూడా తెరుచుకోనప్పుడు నేను చేసే మొదటి పని ఇదే. అడాప్టర్‌ని డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేస్తాను. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. సైట్ల పేర్లకి చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్‌ని మార్చాలన్నా దారి ఇదే.

దీని అసలు బలం ఫోన్లో సాయం చేసేటప్పుడు తెలుస్తుంది. మా బాబాయి నెట్ రావట్లేదని ఫోన్ చేస్తాడు. "సెట్టింగ్స్ తెరువు, ఎడమవైపు నెట్‌వర్క్ ఉంటుంది చూడు బాబాయ్" అంటే "నాకు అలాంటిదేం కనపడట్లేదురా" అంటాడు. ఆయన వెర్షన్‌లో అది మరో చోట ఉంటుంది, ఆయన తప్పేమీ లేదు. అదే "విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఆర్ నొక్కు, వచ్చిన పెట్టెలో నేను చెప్పే అక్షరాలు కొట్టు" అంటే ఇద్దరం ఒకే విండో ముందుకు వచ్చేస్తాం. ఎం, ఎన్ తేడా ఫోన్లో సరిగ్గా వినపడదు కాబట్టి ఒక్కో అక్షరం నిదానంగా చెప్పాలి, అంతే. కంప్యూటర్‌లో డిస్‌ప్లే భాష ఏదైనా సరే ఈ పేర్లు మారవు. మనకు చదవడం రాని భాషలో మెనూలున్న కంప్యూటర్ ముందు కూర్చున్నా కావాల్సిన చోటికి తిన్నగా వెళ్లొచ్చు.

స్టార్ట్ మెనూలో వెతికితే సరిపోదా అని అడుగుతుంటారు. నేనూ అది వాడతాను, ముఖ్యంగా ఫైళ్ల కోసం. కానీ అక్కడ నాలుగు అక్షరాలు కొట్టగానే సూచనలు వరస మార్చుకుంటూ వస్తాయి, వాటి మధ్య వెబ్ ఫలితాలూ దూరతాయి. ఎంటర్ కొట్టే లోపు పైనున్నది మారిపోవచ్చు. రన్ బాక్స్ ఊహించదు. పేరు సరిగ్గా ఉంటే తెరుస్తుంది, లేకపోతే దొరకలేదని చెబుతుంది. కాస్త తప్పు రాసినా సర్దుకునే గుణం దానికి లేదు, కొత్తవాళ్లకి అదే ఇబ్బంది. కొట్టిన పేర్లలో చివరి 26 మాత్రం గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి రెండోసారి మొదటి అక్షరాలు కొడితే మిగతాది అదే చూపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో తెరవాలంటే ఉత్త ఎంటర్ బదులు కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. విండోస్ 10 వాడేవాళ్లలో కూడా ఇది తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఫోల్డర్లకీ ఇది పనికొస్తుంది. ఒక్క చుక్క పెట్టి ఎంటర్ కొడితే మన యూజర్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. టెంప్ అన్న మాటకి రెండువైపులా పర్సంట్ గుర్తు పెడితే తాత్కాలిక ఫైళ్లుండే చోటు వస్తుంది. షెల్ అని కొట్టి, కోలన్ పెట్టి, స్టార్టప్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే షార్ట్‌కట్ల ఫోల్డర్ వస్తుంది.

లోటుపాట్లు లేకపోలేదు. పేరు నిలిచినా కొన్నిటి గమ్యం మారింది. డెస్క్ డాట్ సీపీఎల్ కొడితే ఇప్పుడు పాత విండో రాదు, కొత్త సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీ వస్తుంది. సిస్టమ్ ఎలా మొదలవ్వాలో చూసుకునే ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని స్టార్టప్ జాబితా విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌కి వెళ్లిపోయింది. గ్రూప్ పాలసీలు మార్చే జీపీఎడిట్ విండోస్ హోమ్ ఎడిషన్‌లో అసలు ఉండదు. ఇంకోటి, టాస్క్‌బార్, ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్‌లో రన్ బాక్స్ భాగం కాబట్టి ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోతే ఇదీ తెరుచుకోదు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. అందులో రన్ న్యూ టాస్క్ ఉంటుంది, అక్కడా ఇవే పేర్లు చెల్లుతాయి.

ఇక తప్పనిసరిగా చెప్పాల్సింది ఒకటుంది. 2024 నుంచి ఈ బాక్సునే ఎరగా వాడే మోసం బాగా పెరిగింది, దాన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. మీరు రోబో కాదని నిరూపించుకోండి అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ కీ, ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, ఆ తర్వాత ఎంటర్ అని చెబుతుంది. ఆ పేజీ అప్పటికే మన క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసింది నిలిచే చోటికి, ఒక పొడవైన కమాండ్ ఎక్కించేసి ఉంటుంది. పెట్టె చిన్నది, అందులో కమాండ్ చివరి ముక్క మాత్రమే కనిపిస్తుంది, ఆ ముక్కలో వెరిఫికేషన్ అంటూ నమ్మకం కలిగించే మాటలే రాసి ఉంచుతారు. ఎంటర్ కొడితే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్ లోపలికి దిగుతుంది. మనిషినని నిరూపించుకోవడానికి రన్ బాక్స్ తెరవమని నిజమైన సైటు ఏదీ అడగదు. ఎవరికి ఈ బాక్సు నేర్పినా నేను ఈ సంగతే ముందు చెబుతాను. పేజీలో దొరికింది ఇందులో అతికించొద్దు, తెలిసిన పేరు చేత్తో కొట్టండి.

కొన్నాళ్లు వాడి చెయ్యి తిరిగాక సొంత పేర్లు పెట్టుకోవచ్చు. నేను ఒక ఫోల్డర్ చేసి, సిస్‌డీఎం డాట్ సీపీఎల్ (sysdm.cpl) తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత్ అన్నదానికి, అంటే కొట్టిన పేరు కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాకి, ఆ ఫోల్డర్ చిరునామా చేర్చాను. ఆ ఫోల్డర్‌లో రోజూ వాడే ఫైళ్లకి, ప్రోగ్రాములకి షార్ట్‌కట్లు పెట్టి వాటికి రెండు మూడక్షరాల పేర్లిచ్చాను. ఇప్పుడు లెక్కల షీట్ కావాలంటే రెండక్షరాలు, ఎంటర్. కంప్యూటర్ మార్చినప్పుడు ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకుని, పాత్‌లో మళ్లీ ఆ ఒక్క లైను చేరుస్తాను. ఫైళ్లుండే చోటు మారితే షార్ట్‌కట్లు సరిచూసుకోవాలి, పేర్లు మాత్రం పాతవే.