చూఫు: కన్ఫ్యూషియస్ ఊరిలో ఏది చూడాలి, ఎక్కడ ఆగాలి

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్న చూఫు వెళ్లేవాళ్లలో చాలామంది పొద్దున బీజింగ్‌లో హైస్పీడ్ రైలెక్కి, చీకటిపడే వేళకు తిరుగు ప్రయాణం కట్టేస్తారు. రెండున్నర గంటల ప్రయాణమే కాబట్టి అదే సులువనిపిస్తుంది. నేను మాత్రం ఒక రాత్రయినా ఉండమనే చెబుతాను. హడావిడిగా వచ్చిపోయేవాళ్లు కన్ఫ్యూషియస్ పెద్ద గుడి, అక్కడి జనం తప్ప మరేమీ చూడలేరు. ప్రాచీన తత్వవేత్త కన్ఫ్యూషియస్ చెప్పింది వేరు, ఆయన పేరు మీద చక్రవర్తులు కట్టింది వేరు. చూఫులో ఈ రెండూ వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. ఏది ఎక్కడుందో తెలిస్తే కాళ్లకూ డబ్బుకూ శ్రమ తగ్గుతుంది.

చూఫు తూర్పు స్టేషన్ ఊరికి చాలా ఎడంగా ఉంది. బయటికి రాగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. మొదట అడిగిన ఆయన మీటరు మాటెత్తకుండా చెప్పిన ధర విని సిటీ బస్సు ఎక్కాను, నిక్షేపంగా దిగబెట్టింది. రైలు టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఉంటుంది కాబట్టి అది చేతిలోనే ఉంచుకోవాలి. గుడి టికెట్టుకూ అదే అడుగుతారు.

బస విషయంలో ఒక చిక్కుంది. పాత కోటగోడ లోపల చిన్న లాడ్జీలు చౌకగా దొరుకుతాయి, కానీ విదేశీయుల వివరాలు పోలీసులకు నమోదు చేయడం రాక కొందరు గది ఇవ్వరు. నేను ఫోన్లో బుక్ చేసి డబ్బు కూడా కట్టిన చోట, తలుపు దగ్గరే చేతులు అడ్డంగా ఊపారు. డబ్బు వెనక్కి వచ్చింది, గంటన్నర మాత్రం పోయింది. విదేశీయులను తీసుకుంటారో లేదో ముందే సందేశం పెట్టి తేల్చుకోవడం మంచిది. చివరికి దొరికిన మధ్యరకం హోటల్లో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ల కెటిల్ ఉంది, పొద్దున గుడికి నడిచి వెళ్లే దూరం. అంతకు మించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు. గుడి పక్కనే 1980లలో కట్టిన చ్వెలీ బిన్‌షె అనే హోటలుంది. దిగకపోయినా ఒకసారి చూడదగ్గ కట్టడం. ఆర్కిటెక్ట్ దాయ్ న్యెన్‌త్సి పాత గుడి కప్పుల మధ్య ఎబ్బెట్టుగా కనిపించకుండా దాన్ని ఒదిగించాడు.

ఇక గుడి సంగతి. గుడి, ఆయన వంశీయుల భవనం, వాళ్ల శ్మశానవనం మూడింటికీ కలిపి టికెట్ నేను వెళ్లినప్పుడు 140 యువాన్లు. 1994లో యునెస్కో ఈ మూడింటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటగోడ దక్షిణ ద్వారం దగ్గరే ఒక్క క్షణం ఆగండి. జిగోంగ్ అనే శిష్యుణ్ని ఎవరో పొగిడి, నీ గురువు కన్నా నువ్వే గొప్పవాడివన్నారట. నా ఇంటి గోడ భుజమంత ఎత్తు, లోపల ఏముందో అందరికీ కనిపిస్తుంది, మా గురువుగారి గోడ నిలువెత్తులు దాటినది, ద్వారం దొరకనివాళ్లకు లోపలి సంపద కనబడదని అతను జవాబిచ్చాడు. ద్వారం మీది అక్షరాలు ఆ మాటను తలుచుకుంటూ పెట్టినవే. అయితే రాసింది ఛియెన్‌లాంగ్ చక్రవర్తి. లోపలికి వెళ్లినకొద్దీ ఇదే వరస: మాట గురువుది, చేవ్రాలు చక్రవర్తిది.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో పుట్టాడు, 479లో పోయాడు. మూడేళ్ల వయసులో తండ్రి పోతే తల్లే పెంచింది. జౌ రాజుల పట్టు సడలి, సామంతులు ఒకరి మీద ఒకరు పడుతున్న కాలమది. సొంత రాజ్యం లూలో కొన్నాళ్లు కొలువు చేశాడు, తర్వాత పద్నాలుగేళ్ల దాకా దేశాలు తిరిగాడు. తన మాట వినే రాజు దొరకలేదు. తిరిగొచ్చి శిష్యులకు చదువు చెప్పుకున్నాడు. ఫీజు కింద ఎండబెట్టిన మాంసం ముక్కలు తెచ్చినవాడికి కూడా చదువు చెప్పకుండా ఉండలేదని ఆయనే చెప్పుకున్నాడు. తాను కొత్తగా ఏదీ పుట్టించలేదు, పాతవారి నుంచి అందుకున్నది అందిస్తున్నానన్నాడు. అలాంటి మనిషి పోయిన మరుసటి ఏడే లూ ప్రభువు ఆయన మూడు గదుల ఇంటిని గుడిగా మార్చాడు. ఇప్పుడది తొమ్మిది ఆవరణలతో కిలోమీటరుకు పైగా సాగే కట్టడం.

క్రీ.పూ. 195లో హాన్ వంశస్థాపకుడు ల్యూ బాంగ్ ఇక్కడికి వచ్చి బలులు ఇచ్చాడు. అంతకు ముందు కన్ఫ్యూషియస్ బోధ పాటించే పండితులెవరైనా టోపీలతో వస్తే, ఆ టోపీ ఊడబెరికి అందులో మూత్రం పోసేవాడని పాత చరిత్రకారులు రాశారు. సింహాసనం మీద కూర్చున్నాక తెలిసివచ్చినట్టుంది: పెద్దల మాట వినాలి, రాజు రాజుగా, తండ్రి తండ్రిగా నడుచుకోవాలనే బోధ పాలకుడికి పనికొచ్చే సరుకు. ఆ తర్వాత ప్రతి వంశమూ వచ్చి శాసనం నాటింది. పదమూడు శాసన మండపాలు వరసగా నిలబడి ఉంటాయి. శిలలను మోసే రాతి తాబేళ్ల ముక్కులను జనం ముట్టి ముట్టి నున్నగా చేసేశారు. శాసనాల మీద ఉన్నది ఎవరు ఏ ఏట మరమ్మతు చేయించారన్నదే ఎక్కువ. ఇక్కడ అరగంట కన్నా ఎక్కువ అక్కర్లేదు.

ప్రధాన మందిరం దాచెంగ్ లెక్క మాత్రం వేరు. ముందు వరసలోని పది రాతి స్తంభాల మీద మబ్బుల మధ్య నుంచి డ్రాగన్లు చుట్టుకుని పైకి పాకుతాయి. చక్రవర్తి వచ్చినప్పుడు, తన రాజభవనంలో కూడా ఇలాంటివి లేవని కినుక పడకుండా పట్టుబట్టలు చుట్టి దాచేవారని చెబుతారు. 1724లో పిడుగుపడి కాలిపోతే 1730కల్లా మళ్లీ కట్టారు. అయినా గుడి మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పక్క ఆవరణలోని ఎర్రటి గోడ. క్రీ.పూ. 213లో ఛిన్ చక్రవర్తి పుస్తకాలు తగలబెట్టమంటే, తొమ్మిదో తరం వంశీయుడు కోంగ్ ఫు (కోంగ్ అనేది కన్ఫ్యూషియస్ ఇంటిపేరు) గ్రంథాలను ఇంటిగోడలో పెట్టి పూడ్చాడు. హాన్ కాలంలో ఒక యువరాజు తన భవనాన్ని విస్తరించడానికి ఆ ఇంటిని పడగొట్టిస్తుంటే బయటపడ్డాయి. ఇప్పుడున్నది దాని గుర్తుగా తర్వాత కట్టింది. దాని దగ్గర జనం పెద్దగా ఆగరు.

వంశీయుల భవనానికి ఇంగ్లీషు వచ్చిన గైడును పెట్టుకోవడం దండగ కాదు. ఆడియో గైడు వంశావళి అప్పజెబుతుంది, అంతే. లోపలి అంతఃపురం గోడలో రాతి తొట్టి ఒకటి ఉంది. నీళ్లు మోసేవాళ్లు బయటి నుంచి అందులో పోస్తే, నీళ్లు గోడ దాటి లోపలికి పారతాయి. మగ పనివాళ్లు గడప దాటకూడదు మరి. మర్యాద అనే ఆదర్శం రోజువారీ బతుకులో ఎలా నడిచిందో, అందులో ఆడవాళ్లకు దక్కిన చోటేమిటో ఆ తొట్టి చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. అంతఃపురం ద్వారం లోపలివైపు గోడ మీద ఒక మృగం బొమ్మ ఉంటుంది. కాళ్ల కింద సకల సంపదలూ ఉన్నా సూర్యుణ్ని మింగబోతున్న దురాశ మృగమది. ఇంటి పెద్ద అయిన ప్రభువు బయటికి వెళ్లేముందు దాన్ని చూసి ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని గీయించారట. 1055లో సోంగ్ చక్రవర్తి ఇచ్చిన ప్రభు బిరుదు ఈ ఇంట్లో 1935 దాకా సాగింది. ఆఖరి ప్రభువు, డెబ్భై ఏడో తరం వారు కోంగ్ దెచెంగ్, ఇక్కడే పుట్టి 2008లో తైవాన్‌లో కన్నుమూశారు.

శ్మశానవనం ఉత్తరాన ఉంది. ద్వారం దగ్గర బ్యాటరీ బండ్లవాళ్లు పిలుస్తారు. ఎక్కకండి, నడవండి. సైప్రస్ చెట్ల కింద లక్షకు పైగా సమాధులు, వాటి మీద గడ్డి. గురువు సమాధి చిన్న గుట్టంత. తూర్పున కొడుకు, దక్షిణాన మనవడు. పక్కనే జిగోంగ్ గుడిసె వేసుకున్న చోటని చిన్న గది కట్టారు. మిగతా శిష్యులు మూడేళ్లు సంతాపం పాటించి వెళ్లిపోతే అతను మరో మూడేళ్లు ఉన్నాడు. ఏ చక్రవర్తీ అడగలేదు, ఎవరూ బిరుదు ఇవ్వలేదు. సమాధి ముందున్న శిల మీద అతుకుల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. 1966 నవంబరులో బీజింగ్ నుంచి వచ్చిన రెడ్ గార్డులు, అంటే మావో సాంస్కృతిక విప్లవపు యువదళాలు, దాన్ని పగలగొట్టారు, తర్వాత ముక్కలు కలిపి నిలబెట్టారు. నేను అక్కడ ఉండగా ఒక తాతగారు మనవడి చేత మూడుసార్లు వంగి దండం పెట్టిస్తున్నారు. పిల్లవాడు ఒక చేత్తో కరుగుతున్న ఐస్‌క్రీమ్ పట్టుకునే వంగాడు. తాత ఏమీ అనలేదు. పిల్లలు వృద్ధ తల్లిదండ్రులను తరచూ చూసి రావాలని 2013 నుంచి అక్కడ చట్టమే ఉంది. చట్టం దాకా వచ్చిందంటే పాత అలవాటు ఎంత సడలిందో ఊహించుకోవచ్చు.

సమయం తక్కువైతే భవనాన్ని కుదించండి గానీ యాన్ హుయ్ గుడిని వదలకండి. వేరే టికెట్, ధర తక్కువ, మనుషులూ తక్కువే. ఒక బుట్ట అన్నం, ఒక సొరకాయ బుర్ర నీళ్లు, ఇరుకు సందులో ఇల్లు. మరొకరైతే తట్టుకోలేని ఆ బతుకులో కూడా అతని ఆనందం తగ్గలేదని గురువు మెచ్చుకున్న శిష్యుడితను. ఆ సందులోదని చెప్పే బావి లోపలే ఉంది. ఊరంతటిలో నాకు నచ్చిన చోటిదే.

చూఫు దగ్గరి నీషాన్ కొండల్లో 2018లో తెరిచిన విహారకేంద్రం గురించి ఎక్కువ చెప్పను. 72 మీటర్ల కన్ఫ్యూషియస్ విగ్రహం, విశాలమైన మెట్లు, చక్కని మరుగుదొడ్లు, ఖరీదైన టికెట్. లాయం కాలిపోయిందంటే మనుషులకేమైనా అయిందా అని అడిగి, గుర్రాల ఊసెత్తని మనిషి ఆయన. అంత ఎత్తు బొమ్మ దగ్గర ఆ మాట గుర్తుకు రావడం కష్టం. పిల్లలుంటే వెళ్లండి.

శాకాహారులు ఇబ్బంది పడరు. చూఫులో పొగబెట్టిన టోఫు వీధుల్లో వేడివేడిగా దొరుకుతుంది. జొన్న అట్టులాంటి జ్యెన్‌బింగ్‌లో మాంసం వద్దని ముందే చెప్పాలి. కోంగ్ వంశపు వంటకాల పేరుతో పెట్టే విందులు పేర్లలోనే ఘనం. డబ్బులు ఎక్కువగా అలీపే, వీచాట్ అనే ఫోన్ యాప్‌లతోనే కట్టాలి. మన కార్డును ముందే జోడించుకుని వెళ్లండి.

ఇంకో పూట మిగిలితే దక్షిణాన జౌచెంగ్ వెళ్లి, కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తర్వాతి తత్వవేత్త మెన్షియస్ గుడి చూడండి. ప్రజలు ముందు, రాజు చివర అన్నవాడు. మింగ్ వంశస్థాపకుడికి ఆ మాట గిట్టక 1372లో మెన్షియస్‌కు జరిగే పూజలు ఆపించాడు, ఏడాది తిరగకుండా పునరుద్ధరించాల్సి వచ్చింది. పగ తీరక 1394లో ఆయన గ్రంథం నుంచి 85 భాగాలు కత్తిరించి ప్రభుత్వోద్యోగ పరీక్షలకు అదే వాడమన్నాడు. ఆవరణలో పాత సైప్రస్ చెట్లు దట్టంగా ఉన్నాయి, క్యూ లేదు, వెంటపడి అగరుబత్తులు అమ్మేవాళ్లూ లేరు.