లేహ్‌లో రూము, తుర్తుక్‌లో కౌంటింగు

ముందు లేహ్ హోటల్ సంగతి చెప్పి కడుపుమంట చల్లార్చుకుంటాను, లద్దాఖ్ అందాల సంగతి తర్వాత.

2024 మే 31న నలుగురం లేహ్‌లో దిగాం. మావారు, నేను, మా వదిన, అన్నయ్యగారు. మేం హైదరాబాద్ సైనిక్‌పురి నుంచి, వాళ్ళిద్దరూ భీమవరం నుంచి. రాత్రికి 4,200 చొప్పున రెండు రూములు, మూడు రాత్రులకి 25,200 ముందే కట్టేశాం. ఫొటోల్లో కిటికీ నిండా మంచుకొండ. 24 గంటలూ వేడినీళ్ళు, రూములో హీటరు, అవసరమైతే ఆక్సిజన్ అని రాసుంది.

తీరా వెళ్తే కిటికీ బయట సగం కట్టిన గోడ, దాని మీద తుప్పుపట్టిన చువ్వలు. మంచుకొండ లేదని కాదు, డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే కనిపిస్తుంది. వేడినీళ్ళు పొద్దున 7 నుంచి 8 వరకే. ఆ తర్వాత కావాలంటే బకెట్టుకి 50. హీటరుకి రూముకి రాత్రికి 500 విడిగా. అన్నిటికంటే ఘోరం, రూములు మూడో అంతస్తులో ఇచ్చారు, లిఫ్టు లేదు. లేహ్ 11,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. విమానం దిగిన రోజు అక్కడ చెప్పుల పట్టీ పెట్టుకోడానికి వంగినా ఆయాసమే. వదిన రెండో మలుపులో మెట్టు మీద కూలబడి, "నేనిక్కడే ఉంటానర్రా, మీరు దిగేటప్పుడు తీసుకెళ్ళండి" అంది.

ఆ రాత్రి ఆవిడకి తలనొప్పి, వాంతులు. ఆక్సిజన్ అడిగితే కుర్రాడు సిలిండరు దొర్లించుకొచ్చాడు కానీ, దానికి పెట్టాల్సిన రెగ్యులేటరు ఎక్కడుందో ఎవరికీ తెలీదు! మావారు బజారుకి పరిగెత్తి 600 పెట్టి చిన్న ఆక్సిజన్ డబ్బా కొనుక్కొచ్చారు. పొద్దున మేనేజరుని నిలదీస్తే, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా "సీజన్ సార్" అన్నాడు. కింద రూము ఇవ్వలేదు, డబ్బూ వెనక్కివ్వలేదు. పోయేటప్పుడు హీటర్ల కింద ఇంకో 3,000 గుంజాడు. నా మాట వినండి: గ్రౌండ్ ఫ్లోర్ రూము ఇస్తామని రాసి పంపితేనే పైసా కట్టండి.

రెండో దెబ్బ ఫోన్లది. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. మావారిది ఒక్కటే పోస్ట్‌పెయిడ్. అన్నయ్యగారిది ప్రీపెయిడ్. జూన్ 4న ఎన్నికల కౌంటింగు! చవగ్గా వచ్చాయని టిక్కెట్లు ఫిబ్రవరిలోనే కొన్నాం, ఎన్నికల తేదీలేమో మార్చిలో ప్రకటించారు. మెజారిటీల మీద పందేలు కాసే భీమవరం మనిషి, ఫలితాల రోజు మూగబోయిన ఫోను పట్టుకుని కొండల్లో తిరగాల్సి వచ్చింది. ఆయన మొహం చూస్తే మాకే టెన్షన్.

లేహ్, నుబ్రా లోయ, తుర్తుక్ ఊరు, పాంగాంగ్ సరస్సు కలిపి నాలుగు రోజులకి టాక్సీ 31,500. అక్కడ రేట్లు యూనియన్ వాళ్ళు కట్టినవే, బేరం దండగ. జూన్ 3న ఖర్దుంగ్ లా దాటాం. 17,500 అడుగుల పైచిలుకు కనుమ, పది నిమిషాలకి మించి ఆగకండి. దిగుతుంటే అన్నయ్యగారు తనకొచ్చిన హిందీలో డ్రైవరుని అడిగారు, "మీకిక్కడ మెజారిటీ ఎంతొస్తుంది?"

"2014లో 36 వచ్చింది."

"36 వేలా?"

"36 ఓట్లు."

అన్నయ్యగారు కాసేపు మాట్లాడలేదు. ఇక అక్కడి నుంచి డ్రైవరే మాకు గైడు. దేశంలోనే విస్తీర్ణంలో పెద్ద లోక్‌సభ నియోజకవర్గం ఇది, ఓటర్లు మాత్రం 1.84 లక్షలు. మా మల్కాజిగిరిలో 37 లక్షలకు పైనే. అంటే మా ఒక్క నియోజకవర్గం ఓటర్లతో ఇరవై లద్దాఖ్‌లు చేయొచ్చు. సియాచిన్ వైపు వర్షీ అనే ఊళ్ళో ఒకే కుటుంబంలోని అయిదుగురు ఓటర్ల కోసం మే 20న పోలింగు కేంద్రం పెట్టారట. మా కాలనీలో ఓటెయ్యాలంటే రెండు గంటలు క్యూలో నిలబడాలి.

మేం దిగిన ఎయిర్‌పోర్టుకి కుశోక్ బకులా రింపోచే పేరు పెట్టారు. ఆయన బౌద్ధ గురువు, 1967లో ఈ సీటు ఏర్పడినప్పుడు కాంగ్రెస్ తరఫున గెలిచిన మొదటి ఎంపీ, 1971లోనూ ఆయనే. తర్వాత మంగోలియాకి మన రాయబారిగా వెళ్ళారు. 1977లో రాణి పార్వతీ దేవి. ఉత్తరాదంతా కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఏడాది ఆవిడ కాంగ్రెస్ తరఫునే నెగ్గారని డ్రైవరు గొప్పగా చెప్తే, అన్నయ్యగారు ఊరుకుంటారా? "ఆ ఏడు మాకు 42లో 41 కాంగ్రెస్‌వే" అన్నారు. ఫోను లేకపోయినా ఆ పూట మనిషి కాస్త కుదుటపడ్డారు.

నుబ్రా లోయలోని హుండర్‌లో ఒక రాత్రి. ఒంటెలెక్కాం, ఇసుక మింగాం, అంతే.

జూన్ 4 పొద్దున తుర్తుక్ బయల్దేరాం. నియంత్రణ రేఖ దగ్గర, బల్తీ ముస్లింల ఊరు. 1971 డిసెంబరు యుద్ధం దాకా పాకిస్తాన్ చేతిలో ఉండేది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలు యుద్ధానికి ముందే అయిపోయాయి కాబట్టి, ఊరు మన వైపు వచ్చాక వాళ్ళకి తగిలిన మొదటి లోక్‌సభ ఎన్నిక 1977దే.

హోమ్‌స్టే మనిషికి 1,500, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి. లేహ్‌లో కట్టిన దానిలో పావు వంతు సుఖం దొరికినా చాలనుకుని వెళ్ళాం. నేరేడుపళ్ళ చెట్ల కింద ఉన్నట్టుంటుంది మా అమ్మమ్మ వాళ్ళ పెరడు, ఇక్కడ నేరేళ్ళకి బదులు ఆప్రికాట్లు. ఇంటావిడ ఇనప పెనం మీద బక్‌వీట్ పిండితో కిసిర్ పోసింది. మన అట్టే, కాకపోతే గోధుమరంగులో, స్పాంజిలా గుల్లగా ఉంటుంది. పక్కన ఆకులూ పెరుగూ కలిపి నూరిన పచ్చడి. మూడు రోజులుగా బిస్కెట్లతో నెట్టుకొస్తున్న వదిన నాలుగు అట్లు తిని, అయిదోది అడగడానికి సిగ్గుపడి మా ఆయన ప్లేటులోంచి లాక్కుంది. అప్పుడనిపించింది మా ప్రయాణం గట్టెక్కిందని.

డాబా మీద ఒక మూల మాత్రం మావారి ఫోనుకి సిగ్నలొచ్చేది. అన్నయ్యగారు, ఇంటాయన, డ్రైవరు ముగ్గురూ ఆ మూలకి చేరారు. ఒకరికి ఆంధ్రా కావాలి, ఇద్దరికి లద్దాఖ్ కావాలి, ఫోనేమో ఒక్కటే. అయిదు నిమిషాలకోసారి వంతులు. మావారు బ్యాటరీ చూసి మొత్తుకోవడం. మధ్యాహ్నానికి ఆంధ్రా అసెంబ్లీలో టీడీపీ కూటమి 160 సీట్లు దాటిందని అన్నయ్యగారు కిందకి అరిచారు. ఆయన పందెం గెలిచారో ఓడారో ఇప్పటికీ చెప్పరు, వదిన పక్కనుండగా అసలు చెప్పరు.

లద్దాఖ్‌లో లేహ్ వైపు బౌద్ధులెక్కువ, కార్గిల్ వైపు ముస్లింలెక్కువ. ఈసారి కార్గిల్ మనిషి, ఇండిపెండెంటు మొహమ్మద్ హనీఫా గెలిచారు. 65,259 ఓట్లు, మెజారిటీ 27,862. ఇంటాయన తానెవరికి వేశాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. కానీ ఎండు ఆప్రికాట్ల పొట్లం కాగితం చించి లెక్క వేసి చూపించాడు. కాంగ్రెస్ 37,397, బీజేపీ 31,956. ఇద్దరూ లేహ్ బౌద్ధులే. కలిపితే 69,353. "లేహ్ రెండు ముక్కలైంది, కార్గిల్ ఒక్కటిగా ఉంది" అన్నాడు. డ్రైవరు లేహ్ వాడు. కాగితం లాక్కుని వెనక్కి తిప్పి 2014 రాశాడు: బీజేపీ తుప్‌స్తాన్ ఛెవాంగ్ 31,111, కార్గిల్ వైపు గులాం రజా 31,075, సయ్యద్ కాజిమ్ 28,234. ఆసారి చీలింది కార్గిల్. 2019లోనూ అంతే, అందుకే బీజేపీ జమ్యాంగ్ నామ్‌గ్యాల్‌కి 10,930 మెజారిటీ. పార్టీ పేర్లు పోస్టర్ల మీదే, ఏ ఊరు తన్నుకుంటే ఆ ఊరు ఓడుతుంది.

"మా నరసాపురంలో ఈసారి మెజారిటీయే 2 లక్షల 76 వేలు. మీ మొత్తం ఓటర్లే అంత లేరు కదయ్యా!" అన్నారు అన్నయ్యగారు. ఇంటాయన నవ్వి టీ పోశాడు, ఉప్పూ వెన్నా వేసిన టీ. రుచి గురించి నేనేం అనను. కొత్తవాళ్ళు దాన్ని చారు అనుకుని తాగితే దిగుతుంది.

పాంగాంగ్ నీలంగానే ఉంది. టెంటుకి 5,000, చలికి నిద్రపట్టలేదు, డబ్బు దండగ. పొద్దున్నే వెళ్ళి చూసి రావడం మేలు.

జూన్ 7న వేరే టాక్సీలో కార్గిల్. 220 కిలోమీటర్లు, దారిలో లామయూరు బౌద్ధ మఠం దగ్గర తప్పక ఆగండి. కార్గిల్‌ని అందరూ రాత్రి పడుకుని పోయే ఊరిలాగే చూస్తారు. సురు నది ఒడ్డున 2,200 రూము, గ్రౌండ్ ఫ్లోరు, అర్ధరాత్రి కూడా కుళాయిలో వేడినీళ్ళు. టీకొట్టు ముసలాయన ఇంకా గెలుపు సంబరంలోనే ఉన్నాడు. అయినా రాష్ట్ర హోదా, ఆరో షెడ్యూలు (గిరిజన ప్రాంతాలకి స్వపరిపాలన ఇచ్చే రాజ్యాంగ ఏర్పాటు) విషయంలో మాత్రం లేహ్, కార్గిల్ ఒకే మాట మీదున్నాయని, మా లేహ్ డ్రైవరు చెప్పినట్టే చెప్పాడు. అన్నయ్యగారు ఆయనకీ 36 కథ చెప్పబోతే, "ఆ 36లో మా బంధువులే ఉన్నారు, పెళ్ళికెళ్ళి ఓటెయ్యలేదు" అన్నాడు.

విమానాలు కాక నలుగురికి పది రోజులకి 1,38,000 అయింది. అందులో నాకు గుచ్చుకునేది ఆ హీటర్ల 3,000 ఒక్కటే. ఆప్రికాట్ల కాగితం అన్నయ్యగారి పర్సులో ఉంది, వదిన అది కూడా పందెం చీటీయేనని అనుమానిస్తోంది.