కత్తికి ఎక్స్‌రే: మూడేళ్లుగా సానరాయి, మైక్రోస్కోప్ వాడాక

ముందే చెప్పేస్తాను. వంటింటి కత్తి బాగా తెగాలంటే మైక్రోస్కోప్ అక్కర్లేదు. మంచి రాయి ఒకటి, పాత తోలు బెల్టు ఒకటి ఉంటే చాలు. కాకపోతే ఆ సంగతి నాకు తెలిసింది మైక్రోస్కోప్ కొన్నాకే. అందుకని దాని మీద పెట్టిన పద్దెనిమిది వందలు దండగ అనలేను.

మాది విజయవాడ, ఇల్లు పటమటలో. నాది ఆటోనగర్‌లో లేత్ పని. పొద్దస్తమానం ఇనుము కోసేవాడి ఇంట్లో టమాటా కొయ్యడానికి కత్తి లేదు. "షాపులో అన్నీ పదునే, ఇంట్లో మాత్రం టమాటాని కత్తితో నలుపుకోవాలి" అని మా ఆవిడ ఒకరోజు నలుగురిలో అనేసింది. రోషం వచ్చి ఆన్‌లైన్‌లో వాటర్ స్టోన్, అంటే నీళ్లలో నానేసి వాడే సానరాయి, తెప్పించాను. ఒక పక్క 1000, రెండో పక్క 6000. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. జపాన్ వాళ్ల కొలత ప్రకారం 1000లో రేణువు సుమారు 11 మైక్రాన్లు, 6000లో సుమారు 2. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఎంత సన్నమో మీరే ఊహించుకోండి.

రాయిని పది నిమిషాలు నీళ్లలో నానేసి, బుడగలు ఆగాక కత్తి రుద్దాను. న్యూస్‌పేపర్ సర్రున చీలింది. ఇంటిల్లిపాదికీ చూపించాను. రెండో రోజు టమాటా మళ్లీ నలిగింది. స్టీలు మంచిది కాదనుకుని కత్తి మార్చాను. అదీ అంతే. ఇలా రెండు నెలలు రుద్దుతూనే ఉన్నాను. ఆ చిరాకులో కొన్నదే ఈ మైక్రోస్కోప్. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించుకునే రకం.

డబ్బా మీద 1000 రెట్లు అని రాసుంది. లేత్ పనివాడిని, కొలవకుండా నమ్మను. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు కింద పెట్టి చూస్తే, 34 సెంటీమీటర్ల వెడల్పున్న తెర మీద 1.7 మిల్లీమీటర్ల స్కేలు పట్టింది. అంటే 200 రెట్లు. బొమ్మ అడ్డంగా 640 చుక్కలు, కాబట్టి ఒక్కో చుక్క రెండున్నర మైక్రాన్ల పైమాటే. బాగా పదునుపెట్టిన అంచు మందం ఒక మైక్రాన్ కన్నా తక్కువ. లెక్క ప్రకారం, అసలు చూడాల్సిన అంచు ఇందులో కనిపించదు. ఖరీదైన మామూలు మైక్రోస్కోప్ కూడా కాంతితో పనిచేసేదే కాబట్టి 0.2 మైక్రాన్ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన కావాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే.

మరి ఏం చూడాలి? వెలుగును చూడాలి. మొద్దుబారిన అంచుకి చదునైన ముఖం ఉంటుంది, అది మెరుస్తుంది. లెన్సు కింద అంచు పొడవునా తెల్ల దారం పరిచినట్టు కనిపిస్తుంది. పదునున్న అంచు మెరవదు. రాయి గీతలు చివరిదాకా వచ్చి చీకట్లో కలిసిపోతాయి. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికే నాకు వారం పట్టింది. ఎందుకంటే దీనికున్న ఎనిమిది ఎల్‌ఈడీలు పైనుంచి కొట్టి అంతా తెల్లగా చేసేస్తాయి. వాటిని పూర్తిగా తగ్గించి, పక్కనుంచి ఫోన్ టార్చి వేసి, మధ్యలో టిష్యూ పేపరు అడ్డం పెడితే బొమ్మ నిలబడింది.

నిలబడ్డ బొమ్మలో నేను చూసింది ఏమిటంటే బర్. అంచు పొడవునా ఒక పక్కకి వాలిపోయిన సన్నటి రేకు, అక్కడక్కడా చిరిగి వేలాడుతోంది. చూడగానే సిగ్గేసింది. మా షాపులో ఏ పీసు లేత్ మీద నుంచి దిగినా ముందు ఆకురాయితో బర్ తీయిస్తాను. తియ్యని కుర్రాణ్ని తిడతాను. అదే బర్ ఇంట్లో కత్తికి ఉంచి, పదునంటూ ఊరేగాను. ఆ రేకే న్యూస్‌పేపర్‌ని చీల్చింది. చెక్క మీద నాలుగు ఉల్లిపాయలు కోసేసరికి మడత పడిపోయింది. కత్తులు మార్చినా లాభం లేనిది అందుకే.

బర్ తియ్యడం రుద్దడం కన్నా ఓపికైన పని. రుద్దుతూ రుద్దుతూ చివర్లో చేతి బరువు తీసేసి, కత్తి బరువు మాత్రమే రాయి మీద పడేలా, ఒక్కో పక్క ఒక్కోసారి మార్చి మార్చి లాగాలి. ఆ తర్వాత తోలు బెల్టు. పాలిష్ పనివాళ్లు వాడే ఆకుపచ్చ సోపు, అంటే క్రోమియం ఆక్సైడ్ కలిపింది, బెల్టుకి పట్టించి కత్తి వెన్ను ముందుకి ఉండేలా లాగాలి. అంచు ముందుకి తోశారో బెల్టు తెగుతుంది. నాది తెగింది. ఒక్కో పక్కకి పదిహేను లాగులు చాలు. ఇంకా బాగుంటుందని యాభై లాగితే అంచు గుండ్రబడి మళ్లీ తెల్ల దారం కనిపించింది. ఇలా చేశాక కత్తి రెండు రోజులు కాదు, మూడు వారాలు తెగింది.

కోణం గురించి అందరూ ఎక్కువ టెన్షన్ పడతారు. నా కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు. వెన్ను రాయి మీద నుంచి 12 మిల్లీమీటర్లు లేస్తే కోణం 15 డిగ్రీలకి దగ్గరగా, 15 మిల్లీమీటర్లు లేస్తే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది. అంచు పక్కన నల్ల మార్కర్ పూసి రెండుసార్లు రుద్దితే సిరా ఎక్కడ పోయిందో చూసి తెలుసుకోవచ్చు. అంతకు మించి పట్టించుకోకండి.

6000 పక్క మాత్రం నన్ను మోసం చేసింది. అద్దంలా మెరిసే అంచు, లెన్సు కింద గీత కూడా లేదు, ఫోటో తీసి మా బావగారికి పంపించాను కూడా. తీరా చూస్తే టమాటా తొక్క మీద జారిపోతోంది! 1000 పక్కన ఆపేసి బెల్టుకి లాగిన అంచుకి కనపడీ కనపడని పళ్లుంటాయి. తొక్కని పట్టుకునేవి అవే. ఉల్లిపాయకి నున్నటి అంచు బాగానే ఉంటుంది కానీ, మన ఇళ్లలో పూటపూటా టమాటానే కదా. 6000 పక్క ఇప్పటికీ కొత్తగానే ఉంది.

1000 పక్క మాత్రం ఏడాది తిరిగేసరికి మధ్యలో పల్లం పడింది. స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు వస్తోంది. మందపాటి గాజుపలక మీద 120 నంబరు వాటర్ పేపరు పరిచి, రాయి మీద పెన్సిల్ గీతలు గీసి, అవన్నీ పోయేదాకా రుద్దితే చదునవుతుంది. రాయి అమ్మేవాడు ఈ మాట చెప్పడు.

ఆదివారం మా వీధికి సైకిల్ మీద సాన పట్టే బాబాయ్ వస్తాడు. స్టాండు వేసి తొక్కుతుంటే నిప్పురవ్వలు లేస్తాయి. ఆయన పట్టిన కత్తిని లెన్సు కింద పెడితే దుక్కి దున్నినట్టుంది. మొన దగ్గర నీలం రంగు. స్టీలు అలా నీలం తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లినట్టు. అక్కడ గట్టిదనం తగ్గిపోతుంది. ఆ మొన ఇప్పటికీ మిగతా కత్తికన్నా ముందే మొద్దుబారుతోంది. అలాగని ఆయన్ని తీసిపారెయ్యను. ఆయన పట్టిన గరుకు అంచు టమాటాని నా అద్దం అంచుకన్నా బాగా కోసింది. పైగా పెచ్చులూడిన కొబ్బరి కత్తిని రాయి మీద సరిచెయ్యాలంటే నాకు గంట పడుతుంది, ఆయనకి రెండు నిమిషాలు. "బాబాయ్, మధ్యమధ్యలో నీళ్లలో ముంచు" అన్నాను. ఇప్పుడు మా ఇంటి ముందు ఆగగానే ముందు చెంబుతో నీళ్లు అడుగుతాడు.

అందరికన్నా ఆశ్చర్యపరిచింది మా అమ్మ. "ఏరా, కత్తికి ఎక్స్‌రే తీస్తున్నావా? ఆ జాడీ ఇలా బోర్లించు" అని, ఖాళీ ఆవకాయ జాడీ అడుగున కత్తిని పదిసార్లు అటూ ఇటూ లాగి ఇచ్చింది. లెన్సు కింద సన్నటి గీతలు, బర్ దాదాపు లేదు. జాడీ అడుగు అంచుకి మెరుపు పూత ఉండదు. కాలిన మట్టి అక్కడ బయటికే ఉంటుంది. అది సన్నగానూ ఉంటుంది, కత్తి స్టీలుకన్నా గట్టిగానూ ఉంటుంది. బాగా మొద్దుబారినదాన్ని ఇది బాగుచెయ్యలేదు కానీ, తగ్గుతున్న పదును నిలబెట్టడానికి నా బెల్టుకి ఏమీ తీసిపోదు.

కత్తిని పాడుచేసేదేమిటో కూడా ఈ మైక్రోస్కోపే చూపించింది. మా ఆవిడ స్టీలు ప్లేటులో నిమ్మకాయ కోస్తుంది. ఒక్క కోతకే అంచు మీద మెరిసే చుక్క పడుతుంది. గ్రానైట్ గట్టు మీద అయితే మరీ ఘోరం. కోసిన ముక్కల్ని చెక్క మీద నుంచి అంచుతో గీకి తోయడం ఇంకో అలవాటు. వెన్ను తిప్పి తోస్తే సరిపోతుంది. మెత్తటివి కూడా స్టీలుని దెబ్బతీస్తాయా అనుకునేవాణ్ని. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు సైన్స్ పత్రికలో చూపించింది అదే. రేజర్ బ్లేడు వెంట్రుకకన్నా దాదాపు 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు అంచు నుంచి పెచ్చు ఊడుతుంది. వెంట్రుకకే అలా అయితే మామిడి టెంక సంగతి చెప్పేదేముంది? మొన్న వేసవిలో సరదాపడి ఆవకాయకి రెండు కాయలు ఇంటి కత్తితో కొట్టాను. అర మిల్లీమీటరు పెచ్చు పోయింది. మిగతా కాయలు రైతుబజారులో కొట్టించాను.

మైక్రోస్కోప్ స్టాండు గురించి మంచిమాట ఒక్కటీ లేదు. బల్ల మీద చెయ్యి ఆనిస్తే బొమ్మ ఊగుతుంది, ఆర్నెల్లకే మర జారిపోయింది. షాపులో తుక్కులోంచి రాడ్డు తీసి నేనే ఒకటి చేసుకున్నాను. ఆ సౌకర్యం లేనివాళ్లు లోహపు స్టాండు ఉన్నదే కొనండి. మొదటి ఆరు నెలలు రోజూ చూసేవాణ్ని. ఇప్పుడు నెలకోసారి కూడా తియ్యడం లేదు. అంచుని పాత కాటన్ గుడ్డ మీద తేలిగ్గా లాగితే పోగు తగులుకుందా లేదా అన్నదే నాకు చాలు. తగులుకుంటే బర్ ఉన్నట్టు.

కత్తిపీట జోలికి మాత్రం రావద్దంది అమ్మ. ఒకసారి నా పద్ధతిలో దానికీ పదును పెట్టాను. మర్నాడు బెండకాయలు కోస్తూ వేలు తెగ్గోసుకుంది. ఆ బండ అంచుకి ఎంత నొక్కాలో ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతికి అలవాటు. కొత్త అంచుకి అంత అక్కర్లేదని చెయ్యి మర్చిపోయింది. కట్టు విప్పిన రోజునే తన పాత సానరాయి ముక్కతో నాలుగు రుద్దులు రుద్ది, దాన్ని మళ్లీ తన దారికి తెచ్చుకుంది.