వైజాగ్‌లో సదస్సుకు రూములు బుక్ చేసుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మన అనంతపురం, కర్నూలు, కడప కాలేజీ గ్రూపుల్లో "సదస్సులకు రైలు టికెట్లు, హోటల్ రూములు అన్నీ మేమే చూసుకుంటాం" అని వారానికొకసారి మెసేజ్ పెట్టే మనిషి ఉన్నాడు కదా, ఆయన గురించే ఇది. పేరు ఇక్కడ రాయను. గ్రూపుల్లో ఉన్నోళ్ళకు ఎవరో తెలుసు. ఆయనకు ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ఇది మొత్తం చదివేదాకా ఆగొద్దు. ఆయనిచ్చిన వోచర్ (బుకింగ్ కాగితం) మీద ఏ హోటల్ పేరుందో, ఆ హోటల్ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే ఫోన్ చేసి ఒకే మాట అడగండి: "మా రూములు కన్ఫర్మ్ అయినాయా, హోల్డ్‌లో ఉన్నాయా?"

పది మంది లెక్చరర్లం. ఐదు డబుల్ రూములు, మూడు రాత్రులు, రాత్రికి 3,200. నలభై రోజుల ముందే మొత్తం కట్టేసినాం. నిన్న రైలు దిగి నేరుగా హోటల్‌కు పోతే, కౌంటర్‌లో అమ్మాయి మా పేర్లు ఒక్కొక్కటే వెతికింది. లేవు. వోచర్ మీది నంబరు కొట్టింది. అదీ లేదు. "ఈ నంబరు మాది కాదండి, ఏజెంటు వాళ్ళదండి" అని, మేం నమ్మడంలేదని కాబోలు, స్క్రీన్ మా వైపు తిప్పింది. ఏజెంటు సంస్థ పేరు, ఐదు రూములు, పక్కన టెంటేటివ్, అంటే ఇంకా ఖరారు కాలేదని, దాని కింద ఎర్ర అక్షరాల్లో రిలీజ్డ్, అంటే ఆ రూములు వదిలేసినారని. తేదీ చూస్తే పద్దెనిమిది రోజుల కిందటిది.

ఆ తేదీ దగ్గరే నా ఒళ్ళు మండింది. ఎందుకంటే సరిగ్గా వారం కిందట ఆయన నాకు పెట్టిన మెసేజ్ ఇంకా ఫోన్లోనే ఉంది: "సార్, అంతా రెడీ, మీరు బ్యాగు సర్దుకొని పోవడమే." అప్పటికి రూములు పోయి పదకొండు రోజులు. పొరపాటు జరిగిందని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వారంలో ఇంకో హోటల్ వెతుక్కునేవాళ్ళం. చెప్పలేదు. తెలిసి చెప్పలేదు.

మూడు సార్లు ఫోన్ ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తినాడు, స్పీకర్‌లో పెట్టినాను. "వోచర్ కింద చూడండి సార్, రూముల లభ్యతను బట్టి అని రాసే ఉంది. పిల్లోళ్ళకు పాఠాలు చెప్పేవాళ్ళు, చదువుకొని కట్టాల్సింది" అని పెట్టేసినాడు. రిటైర్మెంటుకు నాలుగు నెలలున్న మా మేడమ్ పక్కనే నిలబడి వినింది. రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి, చేతిలో బ్యాగు కూడా కింద పెట్టలేదు అప్పటికి. ఆమె వినేట్టు ఆ మాట అన్నందుకు ఆయన్ను నేను క్షమించను.

ఆ రోజు అదే హోటల్లో రూము 6,800. అదీ రెండే ఉన్నాయి, మేడమ్‌లకు ఇప్పించినాం. మిగతావాళ్ళం గాజువాక వైపు పోయినాం. సదస్సు ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) దగ్గర, గాజువాక ఊరికి ఇంకో కొస.

అసలు ఇది ఎట్లా జరుగుతుందో తెలిస్తే మీరు పట్టుకోగలరు. ఎక్కువ రూములు కావాలని ఏజెంటు అడిగితే హోటల్ వెంటనే అమ్మదు. ఆయన పేరు మీద హోల్డ్ పెడుతుంది, దాన్నే టెంటేటివ్ అంటారు. ఫలానా తేదీలోపు అడ్వాన్సు, ఎవరు ఏ రూములో ఉంటారనే పేర్ల జాబితా పంపాలని గడువు పెడుతుంది. ఆ జాబితాను హోటలోళ్ళు రూమింగ్ లిస్టు అంటారు. గడువులోపు ఆ రెండూ రాకపోతే రూములు మళ్ళీ అమ్మకానికి పోతాయి. హోటల్ తప్పేమీ లేదు అందులో, అది వాళ్ళ పద్ధతి. ఏజెంటు మాత్రం మన దగ్గర పూర్తి డబ్బు తీసుకొని, హోటల్‌కు పైసా కట్టకుండా, చివర్లో రేటు పడితే తక్కువకు కొని తేడా మిగుల్చుకుందామని చూస్తాడు. రేటు పడితే మనకు ఎప్పటికీ తెలియదు, రూము దొరుకుతుంది, ఆయన మంచోడవుతాడు. రేటు పెరిగితే మాత్రం తన చేతి డబ్బు వేసి కొనడు, మనల్ని కౌంటర్ ముందు నిలబెడతాడు.

వైజాగ్‌లో ఈ జూదం ఎందుకు తరచుగా ఎదురు తిరుగుతుందంటే, అక్కడ కొన్ని రోజుల్లో రేటు పడే ప్రసక్తే ఉండదు. డిసెంబరు 4 నేవీ డే. దాని విన్యాసాలు ఆర్.కె. బీచ్‌లో పెట్టినప్పుడు బీచ్ రోడ్డు మూసేస్తారు, అవి ఏటా అదే ఊర్లో, అదే తేదీన ఉండకపోవచ్చు. డిసెంబరు, జనవరి అరకు, లంబసింగి చూడటానికి వచ్చే జనం. పెళ్ళి ముహూర్తాలు. పెట్టుబడుల సదస్సు లాంటివి పడితే ఇక చెప్పనక్కర్లేదు. 2023 మార్చి 3, 4 తేదీల్లో, మళ్ళీ 2025 నవంబరు 14, 15 తేదీల్లో ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలోనే అవి జరిగినాయి. మీ సదస్సు తేదీ ఖరారు కాగానే ఆ వారంలో ఊర్లో ఇంకేముందో చూడండి. ఏదైనా పెద్దది ఉంటే హోల్డ్ మాట ఎత్తేవాళ్ళ దగ్గరికే పోవద్దు.

నేను చూడాల్సినవి చూడలేదు. మా కాలేజీలో ఈ ప్రయాణాల లెక్కలు చూసేది నేనే, పది మంది నన్ను నమ్మి డబ్బు ఇచ్చినారు. బిల్లులోనే దొంగతనం కనబడుతోంది. 48,000 మీద 12 శాతం జీఎస్టీ వేసి 53,760 తీసుకున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు రూముకు జీఎస్టీ 5 శాతమే. అంటే 50,400 కావాలి. 3,360 ఎక్కువ. పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. అసలైన నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి, మన రాష్ట్రంలో నమోదైతే 37తో మొదలవుతుంది, తెలంగాణదైతే 36. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ బతికుందా రద్దయిందా అన్నీ వస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేసేవాడి దగ్గర అక్కడే ఆగాల్సింది.

రెండోది యూపీఐ. డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద బ్యాంకులో ఉన్న పేరు వస్తుంది. మాకు వచ్చింది ఎవరో వ్యక్తి పేరు. హోటల్ పేరు కాదు, ఆయన సంస్థ పేరు కూడా కాదు. "మా అకౌంటెంట్‌ది సార్" అన్నాడు, నేను ఊరుకున్నాను. మీరు ఊరుకోవద్దు. రూము డబ్బు హోటల్ ఖాతాకే పోవాలి, అడ్వాన్సు ఒక రాత్రి అద్దెకు మించి ఇవ్వొద్దు, మిగతాది అక్కడికి పోయినాక. హోటల్ నుంచి వాళ్ళ సొంత కన్ఫర్మేషన్ నంబరు మీ ఫోన్‌కో మెయిల్‌కో రావాలి. ఏజెంటు వోచర్ మీద ఉండే బుకింగ్ నంబరు ఆయన సొంతంగా వేసుకునేది, హోటల్ కంప్యూటర్‌కు దాంతో సంబంధం లేదు. ఇది ఒక్కటి నాకు నలభై రోజుల ముందు గుర్తుండి ఉంటే చాలు.

రైలు టికెట్లు కూడా ఆయనతోనే చేయించినాం. అదృష్టం బాగుండి బెర్తులు ఉన్నాయి గానీ, టికెట్ ఇప్పుడు తీరిగ్గా చూస్తే అవీ ఆయన సొంత ఐఆర్‌సీటీసీ ఐడీతో తీసినవే. లైసెన్సున్న ఏజెంటు తీసిన టికెట్ మీద ఆ ఏజెంటు వివరాలు అచ్చవుతాయి. సొంత ఐడీతో తీసి అమ్మడం రైల్వే చట్టం సెక్షన్ 143 కింద నేరం, పట్టుబడితే మన ప్రయాణానికే ఎసరు. ఇంకా ముఖ్యమైనది, టికెట్ మీద ఫోన్ నంబరు ఆయనది. రైలు రద్దయితే మెసేజ్ ఆయనకే పోతుంది. టికెట్ రద్దు చేస్తే డబ్బు ఏ ఖాతా నుంచి కట్టినారో ఆ ఖాతాకే తిరిగి పోతుంది. లైసెన్సున్న ఏజెంటు ద్వారా తీసినా రీఫండ్‌కు ఓటీపీ ప్రయాణికుడి నంబరుకు రావాలి, అక్కడ ఏజెంటు నంబరే ఉంటే ఆ ఓటీపీ కూడా ఆయనకే. కాబట్టి ఎవరితో తీయించినా నంబరు మీదే వేయించండి.

అసలు ఏజెంటు అవసరమే లేదు మనకు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, 120 కాదు. ప్రయాణం రోజును లెక్కలో వేసుకోవద్దు. ఆ పొద్దున 8 గంటలకు కూర్చుంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో దొరుకుతుంది. అనంతపురం వాళ్ళు అనంతపురంలోనే ఎక్కుతారు, కర్నూలు వాళ్ళు డోన్‌లోనో నంద్యాలలోనో, కడప వాళ్ళకు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక టికెట్ మీద ఆరుగురికే వీలు, తత్కాల్‌లో నలుగురికే. పది మందిని ఆరు, నలుగురుగా విడగొట్టాలి. ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉండిపోతే చార్టు తర్వాత అది దానంతటదే రద్దవుతుంది, దాన్ని పట్టుకొని ఎక్కడానికి లేదు. తత్కాల్ ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ అనుసంధానం ఉన్న ఐడీ కావాలి, అది ముందు రోజే చూసుకోండి. కన్ఫర్మ్ అయిన తత్కాల్ మనం రద్దు చేసుకుంటే పైసా రాదు. ఇంకోటి, వైజాగ్‌కు ముందొచ్చే దువ్వాడ స్టేషను. వైజాగ్ స్టేషన్‌లోకి పోతే ఇంజను తిప్పాలి కాబట్టి కొన్ని రైళ్ళు లోపలికి పోకుండా దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. టికెట్ మీద ఏ స్టేషను ఉందో చూడకపోతే గాజువాక అవతల దిగుతారు.

రూము ఎక్కడ తీసుకోవాలనేదానికి కూడా మనల్ని మభ్యపెడతారు. "బీచ్ దగ్గర" అంటే రుషికొండ కావచ్చు, అక్కడి నుంచి యూనివర్సిటీకి దాదాపు పది కిలోమీటర్లు, పొద్దున తొమ్మిదికి ఆటో దొరకాలి కదా. సదస్సు ఏయూలోనో సిరిపురంలోనో అయితే ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్, మద్దిలపాలెం, పెదవాల్తేరు చూడండి. గీతం యూనివర్సిటీ వైపు అయితేనే రుషికొండ, మధురవాడ. అక్టోబరు, నవంబరులో తుపాన్ల భయం ఉంటుంది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టింది ఆ ఊరినే. రైల్వే తనంతట రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, తిరిగివ్వని షరతుతో తీసుకున్న రూము డబ్బు రాదు. వంద, రెండొందలు ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి.

డబ్బు పోయినవాళ్ళకు: ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కేసు వేయడానికి వైజాగ్ పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు, రెండేళ్ళ లోపల వేయాలి. వోచరు, యూపీఐ రసీదు, చాట్ మొత్తం దాచుకోండి. హోటల్ కౌంటర్‌లో "మీ పేరున రూములు లేవు, ఫలానా తేదీన రిలీజ్ అయినాయి" అని ఒక మెయిల్ పెట్టించుకోండి. ఆ అమ్మాయి అడగంగానే పంపింది, మా దగ్గరున్న గట్టి ఆధారం అదే. మేం 1930కి చేసినాం, ఫిర్యాదు నంబరు వచ్చింది.

నంద్యాల నుంచి ఒక జట్టు, కడప నుంచి ఒక జట్టు వచ్చే వారం సదస్సుకు ఇదే మనిషికి కట్టినారని నిన్న రాత్రి తెలిసింది. మీరు ఎవరైనా సరే, ఈ రాత్రికే ఆ హోటల్‌కు ఫోన్ చేయండి. వోచర్ మీదిచ్చిన నంబరుకు వద్దు, అది ఎవరిదో తెలియదు. మ్యాప్‌లో కనబడే నంబరు కూడా వద్దు, దాన్ని మోసగాళ్ళు మార్చే వీలుంది. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేసి, సంస్థ పేరు చెప్పి, హోల్డ్ గడువు ఎప్పుడో అడగండి. గడువు ఇంకా దాటకపోతే ఒక రాత్రి అడ్వాన్సు మీరే నేరుగా కట్టి ఆ రూములు మీ పేర్ల మీదకు మార్చమనండి. హోటల్ ఒప్పుకుంటే రూములైనా మిగులుతాయి, ఆయన దగ్గర ఇరుక్కున్న డబ్బు సంగతి వచ్చినాక చూసుకోవచ్చు.