మీటరు బోర్డు గుత్త పని: పెట్టె బాగుంది, ఎర్తు సంగతే చూసుకోవాలి

హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి వైపు కొత్త ఇళ్లకు మీటరు బోర్డు పనిని ఎలక్ట్రీషియన్లు సామానుతో సహా గుత్తకు పట్టుకుంటున్నారు. మీటరు మీదా దాని సీళ్ల మీదా అధికారం ఇక్కడ కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌ది. మీటరు పెట్టె, మెయిన్ స్విచ్చు, ఎర్తు, లోపలికి పోయే వైరు ఈ గుత్తలోకి వస్తాయి. మార్కులు వేయాలంటే పెట్టెకు పదికి ఎనిమిది, వైరు బిగింపుకు అయిదు, ఎర్తింగ్‌కు రెండు.

పాత చెక్క బోర్డుకు చెద, రేకు పెట్టెకు తుప్పు. పైగా రేకు అంచు వైరు తొడుగును కోస్తే పెట్టె మొత్తానికీ కరెంటు పారుతుంది. ఇప్పుడు పెడుతున్న పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) పెట్టెతో ఆ భయం లేదు. పడమటి గోడకు మాత్రం పెట్టనివ్వొద్దు, ఎండకు డిస్‌ప్లే నల్లబడి రీడింగు కనిపించదు. వైరు పెట్టెలోకి కింది నుంచే రావాలి. వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. చాలామంది పై నుంచే రంధ్రం చేస్తున్నారు. మిగిలిన రంధ్రాలు మూయకపోతే చీమలు, బల్లులు టెర్మినళ్ల (వైరు కొసలు బిగించే చోట్ల) మధ్య చేరతాయి.

బిగింపులో పైకి కనబడని తప్పులే ఎక్కువ. టెర్మినల్‌కు రెండు స్క్రూలుంటే రెండూ లోహాన్నే పట్టాలి, తొడుగును కాదు. బయట మాత్రం బోసి తీగ కనబడొద్దు. రంధ్రంలో పట్టడం లేదని నాలుగు పోగులు కోసేస్తే ఆ చోట వైరు సన్నబడి వేడెక్కుతుంది. పోగుల వైరుకు పిన్ లగ్గు (కొసకు తొడిగే లోహపు గొట్టం) వేసి నొక్కితే ఈ బాధ ఉండదు. అల్యూమినియం మెత్తన: స్క్రూ కింద నలుగుతుంది, రోజూ వేడెక్కి చల్లారుతూ వదులవుతుంది. దాన్ని రాగితో మెలేసి టేపు చుడితే ఒకటి రెండు వానాకాలాలకే అతుకు పాడవుతుంది. అల్యూమినియాన్నీ రాగినీ కలిపే బైమెటల్ లగ్గు వేయమనండి. కూలరు వేయగానే లైట్లు కొట్టుకోవడం, కాలిన ప్లాస్టిక్ వాసన, టెర్మినల్ గోధుమ రంగుకు తిరగడం బిగింపు వదులైందనడానికి గుర్తులు. వదులు మీటరు టెర్మినల్‌లోనే ఉంటే సీలు ముట్టుకోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పాలి.

మెయిన్ దగ్గర లెక్క చూసుకోండి. 5 కిలోవాట్లంటే సుమారు 22 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తానే కరెంటు తెంపే స్విచ్చు) పెట్టి కింద 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగడం ఇక్కడ మామూలైపోయింది. 45 డిగ్రీల ఎండలో, పైపులో బిగిసి ఉన్న వైరుకు అది ఇరుకు. ఆ వైరే ఉంచాలంటే ఎంసీబీ 25, ఎంసీబీ 32 కావాలంటే వైరు 6 చదరపు మిల్లీమీటర్లది. న్యూట్రల్‌లో కిట్‌కాట్ (పింగాణీ) ఫ్యూజు ఇంకా కొందరు పెడుతున్నారు. అది కాలితే లైట్లు ఆరతాయి, ఇల్లంతా ఫేజ్ మాత్రం అలాగే ఉంటుంది. రెండు తీగలనూ ఒకేసారి తెంపే డబుల్ పోల్ ఎంసీబీయే సరి.

రెండు పోర్షన్ల ఇల్లయితే మరో పితలాటకం. ఒక పోర్షన్ న్యూట్రల్ పక్క మీటరులో కలిసిపోతుంది. ఫేజ్‌లో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది సమానంగా లేకపోతే మీటరు మీద ఈఎల్ (ఎర్త్ లీకేజీ) లైటు వెలుగుతుంది. ఇప్పటి మీటర్లు రెండింట్లో ఎక్కువ ఉన్నదాన్నే లెక్క కడతాయి. అట్లా ఆ పక్క మీటరు బిల్లు పెరుగుతుంది, అందరూ మీటరును తిడతారు.

ఎర్తింగ్‌కు రెండు మార్కులే ఎందుకంటే, హనుమకొండ చుట్టూ కొద్ది అడుగులకే బండ తగులుతుంది. ఎర్తు పైపు అక్కడే కోసి పైన సిమెంటు పూసేస్తారు. కావాల్సింది 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు, 2.5 మీటర్ల పొడవు, చుట్టూ బొగ్గు, ఉప్పు. బండ అడ్డొస్తే నిలువు నుంచి 30 డిగ్రీలకు మించని ఏటవాలుగా దించొచ్చు. పూడ్చకముందే పైపు కొలవండి.

ఎర్తు ఉన్నా ఎంసీబీ ఒక్కటే కాపాడదు. ఎర్తు నిరోధం 5 ఓములనుకుంటే లీకయ్యే కరెంటు 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 32 ఎంసీబీ దానికి పడిపోవడానికి (ట్రిప్పవడానికి) గంట దాకా పట్టొచ్చు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే స్విచ్చు) సెకనులో మూడో వంతు కూడా తీసుకోదు. ఊరికే పడిపోతోందని దాన్ని తీసేయించే ముందు, ఇంట్లో ఎక్కడో న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపారేమో వెతికించండి. చాలాసార్లు గొడవ అక్కడే.

దాని టెస్ట్ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందనే చెబుతుంది, ఎర్తు గురించి కాదు. ఆర్‌సీసీబీకి ముందున్న ఫేజ్‌కూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు వేస్తే, ఎర్తు 100 ఓములుంటే మసకగా వెలుగుతుంది. 20 ఓములైతే తేడా కంటికి తెలియదు కాబట్టి అసలు కొలత ఎర్త్ టెస్టర్‌తోనే. ఎర్తు తీగ తెగి ఉంటే ఈ పరీక్షలో ఫ్రిజ్జు, మోటారు ఒంటికి కరెంటొస్తుంది. అందుకే ఎలక్ట్రీషియనే చేయాలి, ఆ కాసేపు ఎవరూ వాటిని తాకొద్దు.

సర్వీసు వైరును మోసే జీఐ తీగకు గానీ, ఆ వైరు దిగే ఇనుప పైపుకు గానీ బట్టల దండెం కట్టొద్దు. తొడుగు చిట్లితే తడి బట్ట ఆరేసే చేతికే షాకు. బోర్డు పని వాళ్లు దండెం చూసి కూడా ఏమీ అనరు, గుత్తలో అది లేదు కదా. ప్లాస్టిక్ తాడు కట్టుకోండి.