స్టేజ్ 1 (సాఫ్ట్‌వేర్ మార్చి ఇంజిన్ పవర్ పెంచిన) స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ కారుకి థ్రాటిల్ కంట్రోలర్ పెట్టొచ్చా?

ముందే చెప్పాలి, యాక్సిలరేటర్ పెడల్ వైరు మధ్యలో తగిలించే ఈ డబ్బా ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచదు. పెడల్ సెన్సర్ నుంచి ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) వెళ్లే సిగ్నల్‌ని మారుస్తుందంతే. పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు చెబుతుంది. నార్మల్ మోడ్‌లో మందకొడితనం పోయి బండి హాయిగా కదులుతుంది.

చిక్కంతా స్పోర్ట్ మోడ్‌లోనే. అక్కడ కారు పెడల్ మ్యాపే (ఎంత తొక్కితే ఎంత స్పందించాలన్న లెక్క) చురుకు. దానికి ఇదీ తోడైతే పెడల్ కాస్త కదలగానే టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) ఒక్కసారిగా మీద పడి, తడి రోడ్డు మీద ముందు టైర్లు గిర్రున తిరుగుతాయి. స్పోర్ట్‌కి మారేముందు దీన్ని ఆఫ్ చేయాల్సిందే.

బిగించేటప్పుడు ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టి, పది నిమిషాలు ఆగాకే పెడల్ కనెక్టర్ తీయండి. క్లిప్ 'టక్'మనకపోతే పెడల్‌లోని రెండు సెన్సర్ల వోల్టేజీలు పొసగక, పి2138 లాంటి లోపం కోడ్ పడి, ఈపీసీ (ఇంజిన్ పవర్ హెచ్చరిక) లైటు వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని నడిచే స్థితిలోకి) పోతుంది.

ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చే ట్యూనర్ మోడ్‌ల వారీగా పెడల్ మ్యాప్ రాసిస్తానంటే మాత్రం డబ్బు అక్కడే పెట్టండి.