శేషాచలం పక్కన రన్‌వే గీసుకున్న నాలుగేళ్లు: వరల్డ్ ఎడిటర్‌పై ఒక వాడుకరి సమీక్ష

నేను తిరుపతిలో, కరకంబాడి రోడ్డుకు దగ్గరలో ఉంటాను. ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్‌ను చాలాకాలంగా ఆడుతున్నాను. ఆడుతున్నాను అనే మాట ఈ వ్యసనానికి చాలదని ఇంట్లోవాళ్లు అంటారు. రేణిగుంటలో దిగేటప్పుడు తెరమీద కనిపించేది మా ఊరు కాదన్న అసంతృప్తి ఎంతకూ తీరకపోవడంతో, నాలుగేళ్ల కిందట, ఉద్యోగం నుంచి వచ్చాక మిగిలే రాత్రి వేళల్లో, విమానాశ్రయాన్ని నేనే గీసుకోవడం మొదలుపెట్టాను. అందుకు వాడిన ప్రధాన పనిముట్టు వరల్డ్ ఎడిటర్. వాడేవాళ్లందరూ దాన్ని వెడ్ అని పిలుస్తారు. దానికి తోడుగా శాటిలైట్ చిత్రాలతో నేలను తయారుచేసే ఆర్థో4ఎక్స్‌పీని కూడా వాడాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం మొదటిదాని గురించే.

వెడ్‌ను తయారుచేసింది ఎక్స్-ప్లేన్ తయారీదారైన లామినార్ రీసెర్చ్ సంస్థే. ఇది ఉచితం, దీని మూలకోడ్ కూడా బహిరంగంగా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం అనే మాట దీనికి పెద్దది. జిప్ ఫైలు దించుకుని విప్పి, ప్రోగ్రామును తెరిచి, సిమ్యులేటర్ ఉన్న ఫోల్డరును చూపిస్తే చాలు. మనం అదనంగా చేర్చుకునే దృశ్యాలుండే కస్టమ్ సీనరీ ఫోల్డరులోని ప్యాకేజీలన్నీ వరుసగా కనిపిస్తాయి. కొత్త ప్యాకేజీకి పేరు పెట్టి తెరిస్తే మధ్యలో పటం, ఒక పక్క వస్తువుల లైబ్రరీ, మరో పక్క మనం గీసిన అంశాల వరుసక్రమం, ఎంచుకున్న అంశపు లక్షణాల పట్టిక వస్తాయి. ఇంత సులువుగా మొదలైన పని ఇంత కాలం పడుతుందని ఆ రోజు నాకు తోచలేదు.

మొదటి వారమంతా ఒక్క పొరపాటుతోనే గడిచింది. రన్‌వే గీశాను, విమానాలు రన్‌వేకు వచ్చిపోయే దారులైన ట్యాక్సీవేలు గీశాను, సేవ్ చేశాను, సిమ్యులేటర్ తెరిస్తే పాత విమానాశ్రయమే కనబడింది. మళ్లీ గీశాను, మళ్లీ అదే. చిత్తూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు వెనక నిలబడి కాసేపు చూసి, "మామా, సేవ్ చేసినావు సరే, ఎక్స్‌పోర్ట్ చేసినావా?" అని అడిగాడు. వెడ్‌లో సేవ్ చేస్తే ఎర్త్ వెడ్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు మాత్రమే మారుతుంది. అది మన పని ప్రతి మాత్రమే. సిమ్యులేటర్ చదివేది నేలను, దాని మీది వస్తువులను వివరించే డీఎస్ఎఫ్ ఫైలును, విమానాశ్రయపు అమరికను వివరించే ఏపీటీ డాట్ డ్యాట్ ఫైలును. ఆ రెండూ ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడే తయారవుతాయి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ఏ వెర్షన్ సిమ్యులేటర్ కోసమో కూడా ఎంచుకోవాలి. ఈ తేడాను తెరమీద ఎక్కడైనా ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నాలాంటి వాళ్లకు వారం రోజులు మిగిలేవి.

డీఎస్ఎఫ్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఎక్స్-ప్లేన్ భూమిని అక్షాంశ రేఖాంశాల వెంబడి ఒక్కొక్క డిగ్రీ పలకలుగా కోసి పెట్టుకుంటుంది, ఒక్కో పలకకు ఒక్కో డీఎస్ఎఫ్ ఫైలు ఉంటుంది. ఉత్తర అక్షాంశం 13, తూర్పు రేఖాంశం 79 దగ్గర మొదలయ్యే పలకలోనే రేణిగుంట విమానాశ్రయం, తిరుమల, చంద్రగిరి, చిత్తూరు పట్టణం అన్నీ ఇమిడిపోయాయి. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతిని వేరే జిల్లా చేసినా సిమ్యులేటర్ లెక్కలో తిరుపతి, చిత్తూరు ఇప్పటికీ ఒకే ఫైలు. రేణిగుంట నుంచి చెన్నైకి నేరుగా ఎగిరితే మాత్రం దారిలో 80వ రేఖాంశాన్ని, చివర్లో 13వ అక్షాంశాన్ని దాటి మూడు పలకల మీదుగా పోతాము. ఒక పలకను మాత్రమే బాగుచేసుకున్నవాడికి ఆ అతుకు కిటికీలోంచి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక అసలు పని గురించి. విమానాశ్రయపు చదునైన భాగాలను గీయడంలో వెడ్‌కు వంక పెట్టడానికి లేదు. నేపథ్యంగా ఉపగ్రహ చిత్రపటాన్ని తెరిచి, దాని మీద 08/26 రన్‌వేను (పడమటి కొన పేరు 08, తూర్పు కొన పేరు 26) రెండు కొనల మధ్య లాగి, ట్యాక్సీవే అంచుల వంపులను బిందువులకుండే పిడులు పట్టుకుని సరిచేస్తుంటే, డ్రాయింగు మాస్టారు దగ్గర చార్టు మీద పెన్సిలుతో పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి. గీతలు, లైట్లు, సూచికబోర్డులు అన్నీ వాస్తవ విమానాశ్రయాల నియమాలకు దగ్గరగానే ఉంటాయి. 2015 అక్టోబరులో ప్రారంభమైన మన టెర్మినల్‌కు సరిపోయే భవనం లైబ్రరీలో ఉండదు కాబట్టి మొదట ఫసాడ్ అనే పద్ధతిలో, అంటే నేల మీద భవనపు ఆకారాన్ని గీసి ఎత్తు చెప్తే గోడలు లేచే పద్ధతిలో, ఒక పెట్టెలాంటి కట్టడం కట్టాను. తరువాత త్రీడీ నమూనాలు చేసే బ్లెండర్ అనే ప్రోగ్రామును నేర్చుకుని, ఎక్స్-ప్లేన్ వస్తువులుగా మార్చే యాడ్-ఆన్‌తో అసలు టెర్మినల్‌ను పోలిన నమూనాను చేసి పెట్టాను. బ్లెండర్ నేర్చుకోవడం వేరే పురాణం, దాని జోలికి ఇక్కడ పోను.

విమానాలను కదిలించే మార్గాల దగ్గర మాత్రం ఓపిక పరీక్షకు వస్తుంది. కంప్యూటర్ నడిపే విమానాలు ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేందుకు బిందువులను గీతలతో కలుపుతూ ట్యాక్సీ మార్గాల వల అల్లాలి. రన్‌వే మీది మార్గానికి రన్‌వే పేరునే సరిగ్గా పెట్టాలి, రన్‌వేకు దగ్గరగా వచ్చే మార్గాలను బయలుదేరే, దిగే విమానాల కోసం ప్రమాద ప్రాంతాలుగా గుర్తించాలి. రెండు బిందువులు కంటికి ఒకటిగా కనిపించినా కలవకుండా ఉండిపోతే విమానం అక్కడే నిలబడిపోతుంది. నాకు అలాంటిది ఒకటి దొరకడానికి మూడు రాత్రులు పట్టింది. తప్పులను పట్టే వ్యాలిడేట్ అనే ఆదేశం ఉంది, అది నిజంగా మేలు చేస్తుంది. అయితే తప్పు ఏమిటో చెప్పినంత స్పష్టంగా దాన్ని ఎలా సరిచేయాలో చెప్పదు.

పార్కింగ్ స్థానాలు, ఇంధన ట్రక్కుల దారులు, ఆటోమేటిక్‌గా మొలిచే చెట్లను, ఇళ్లను తొలగించే ఎక్స్‌క్లూజన్ పెట్టెలు ఇవన్నీ తేలికే. ఒక్క సాయంత్రంలో అయిపోతాయి.

నాకూ వెడ్‌కూ పేచీ వచ్చింది కొండల దగ్గర. విమానాశ్రయం సముద్రమట్టానికి 107 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పడమర వాయవ్యంగా, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పడమటి నుంచి వచ్చి 08 మీద దిగే పైలట్‌కు ఎడమ చేతి పక్కన గోడలా నిలబడేది శేషాచలమే. మన ప్రాంతంలో విమానయానానికి ఆకారమిచ్చేది ఆ కొండ. సిమ్యులేటర్ నేలను త్రిభుజాలుగా అల్లి చూపిస్తుంది, తనతో తెచ్చే ఆ అల్లిక ముతకగా ఉండటంతో ఆ నిటారు బండల చరియలు మట్టిదిబ్బల్లా గుండ్రంగా జారిపోయి ఉన్నాయి. వాటిని చెక్కి సరిచేద్దామని వెడ్‌లో వారాల తరబడి వెతికాను. దొరకలేదు, ఎందుకంటే అది దాని పని కాదు. వెడ్ నేల మీద పెట్టేవాటిని మారుస్తుంది, నేలను మార్చదు. తీరప్రాంతంలో సమతల మైదానంలో ఉండేవాళ్లకు ఈ తేడా పెద్దగా పట్టింపు కాదు. కొండ కింద బతికేవాళ్లకు ఇదే మొదటి ప్రశ్న అవుతుంది, కాబట్టి దించుకునే ముందే తెలిసి ఉండాలని ఇంత విపులంగా రాస్తున్నాను.

నేల విషయంలో వెడ్ ఇచ్చే ఒకే ఒక్క అధికారం ఆల్వేస్ ఫ్లాటెన్ అనే లక్షణం. దాన్ని ఎంచుకుంటే విమానాశ్రయపు సరిహద్దు లోపలి నేల చదునవుతుంది. నేను ఉదారంగా సరిహద్దును పక్కనున్న పొలాలదాకా, ఒక చెరువు గట్టు దాకా గీసి, ఆ పెట్టెను టిక్ చేశాను. మర్నాడు సిమ్యులేటర్‌లో చూస్తే విమానాశ్రయం ఒక అరుగు మీద కూర్చుని ఉంది, ఒక అంచున పొలాలు అకస్మాత్తుగా కిందికి తెగిపడి ఉన్నాయి. సరిహద్దును కంచె దగ్గరికి కుదించాక కుదుటపడింది.

కొండల కోసం ఆర్థో4ఎక్స్‌పీ దగ్గరికి పోక తప్పలేదు. ఆస్కార్ పిలోట్ అనే వ్యక్తి పైథాన్‌లో రాసిన ఈ ప్రోగ్రాము కూడా ఉచితమే. ఎత్తుల దత్తాంశాన్ని, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు నదుల హద్దులను తెచ్చుకుని, కొత్త త్రిభుజాల అల్లికను కట్టి, దాని మీద ఉపగ్రహ చిత్రాలను పరుస్తుంది. దీని ఇన్‌స్టలేషన్ వెడ్‌లా ఉండదు. కావలసిన పైథాన్ వెర్షన్, దాని లైబ్రరీలు ఒకదానికొకటి పొసగకపోతే ఒక ఆదివారం మొత్తం పోతుంది, నాకు రెండు పోయాయి. చిత్రాల స్పష్టతను జూమ్ స్థాయితో ఎంచుకోవాలి. మన అక్షాంశం దగ్గర 16వ స్థాయిలో ఒక పిక్సెల్ సుమారు 2.3 మీటర్ల నేలను చూపిస్తుంది, 17లో దాదాపు 1.2 మీటర్లను. ఒక్క స్థాయి పెరిగితే చిత్రాల సంఖ్య నాలుగు రెట్లవుతుంది, డిస్క్ మీద భారం, దించుకునే సమయం కూడా ఆ దామాషాలోనే పెరుగుతాయి. పలక మొత్తానికి 16 పెట్టి, విమానాశ్రయం, తిరుపతి పట్టణం, కొండ అంచు వరకు మాత్రం 17 పెట్టుకోవడం నాకు సరిపోయింది.

ఫలితం చూసి మొదటిసారి కాసేపు అలా ఉండిపోయాను. చరియలు చరియల్లా నిలిచాయి, ఘాట్‌రోడ్డు మెలికలు పైనుంచి గుర్తుపట్టగలిగాను. ఒక వింత కూడా ఎదురైంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకగా పడి ఉండే స్వర్ణముఖి, సిమ్యులేటర్‌లో ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా పారుతోంది. పటంలో నది హద్దులుగా గీసిన ప్రాంతాన్నంతా ప్రోగ్రాము నీటిగా తీసుకోవడమే కారణం. సరిచేసే మార్గం ఉంది, కానీ చేయలేదు. ఒక్కచోటైనా నిండుగా పారనీ అనిపించింది.

ఈ రెండు పనిముట్లూ ఒకచోట చేరాక వచ్చే అసలు తలనొప్పి సీనరీ ప్యాక్స్ అనే ఐఎన్ఐ ఫైలు. కస్టమ్ సీనరీ ఫోల్డరులోనే ఉండే ఈ చిన్న టెక్స్ట్ ఫైలులో పై వరుసలో ఉన్నదానికి ప్రాధాన్యం ఎక్కువ. కొత్త ప్యాకేజీని పెట్టి సిమ్యులేటర్ తెరిస్తే అది తనంతట తానే జాబితా పైభాగంలో చేరుతుంది. ఆర్థో పలక నేల కనుక అన్నిటికన్నా కిందికి పోవాలి. అది పైన కూర్చుంటే దాని కింద ఉన్న నా విమానాశ్రయపు భవనాలు, రోడ్లు, ఇళ్లు అన్నీ మాయమవుతాయి. మొదటిసారి అలా జరిగినప్పుడు నా పని మొత్తం పోయిందనుకుని చేతులు చల్లబడ్డాయి. నోట్‌ప్యాడ్‌లో ఆ ఒక్క వరుసను కోసి చివర అతికిస్తే అన్నీ తిరిగి వచ్చాయి. విమానాశ్రయాలు పైన, లైబ్రరీలు మధ్యలో, నేల మీద పరుచుకునే రోడ్లు, ఇళ్ల పొరలు (ఓవర్‌లేలు) వాటి కింద, ఫొటో నేల అట్టడుగున అని ఒక కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకున్నాను, అది ఇంకా అక్కడే ఉంది.

పని నిజంగా పోయిన సందర్భం మరొకటి ఉంది. వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. రెండు గంటలుగా సేవ్ చేయకుండా గీసిన ట్యాక్సీ మార్గాలు పోయాయి. అంతకు ముందు సేవ్ చేసిన ఫైలు, దాని పాత ప్రతిగా వెడ్ ఉంచే బ్యాకప్ ఫైలు రెండూ క్షేమంగా దొరికాయి కాబట్టి నష్టం ఆ రెండు గంటలకే పరిమితమైంది. ఇప్పుడు ప్రతి పదిహేను నిమిషాలకు సేవ్, రోజు చివర ఫోల్డరు నకలు వేరే డిస్క్‌లో.

చెట్ల విషయంలో నాకు ఇంకా తృప్తి లేదు. అడవి హద్దులను గీసి చెట్ల సాంద్రతను నిర్ణయించుకోవచ్చు. కానీ సిమ్యులేటర్‌తో వచ్చే వృక్షజాతుల్లో ఎర్రచందనం పెరిగే మన ఎండు అడవిని పోలినవి నాకు కనిపించలేదు. చేయగలిగిందల్లా పొట్టి చెట్లను ఎంచుకుని సాంద్రత తగ్గించడమే. ఆలయ గోపురం నమూనాను కొండ మీద పెట్టమని మిత్రులు అడిగారు. ఆనందనిలయం మీదుగా విమానం పోనిచ్చే ఆటబొమ్మ చేయడం నా మనసుకు నచ్చక ఆ స్థలాన్ని ఉపగ్రహ చిత్రంగానే వదిలేశాను.

వెడ్‌లో పని జరిగేది పైనుంచి చూసే పటం మీద కనుక, దిగే కోణంలో ఎలా కనబడుతుందో చూడాలంటే ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ చేసి సిమ్యులేటర్‌లో సీనరీని తిరిగి లోడ్ చేయాలి. మైక్రోసాఫ్ట్ వారి 2020 సిమ్యులేటర్‌లో ఎడిటర్ ఆటలోపలే తెరుచుకుంటుంది, పెట్టిన వస్తువు అప్పుడే కళ్లముందు నిలబడుతుంది. ఆ సౌకర్యం చూసి అసూయ కలిగిన మాట నిజం. కాని నా పాత యంత్రంలో అది సాఫీగా నడవదు, వెడ్ మాత్రం ఏ ఆయాసమూ లేకుండా నడుస్తుంది.

గీసినదాన్ని ఇతరులకు ఇవ్వాలంటే, వాడుకరులు చేసిన విమానాశ్రయాలను లామినార్ సేకరించే ఎయిర్‌పోర్ట్ సీనరీ గేట్‌వే అనే సైటుకు పంపవచ్చు. అంగీకరిస్తే తరువాతి అప్‌డేట్లలో అందరి సిమ్యులేటర్లలోకీ చేరుతుంది. అక్కడ సొంతంగా చేసిన వస్తువులకు అనుమతి లేదు, సిమ్యులేటర్‌తో వచ్చే లైబ్రరీ నుంచే కట్టాలి. అందువల్ల నా బ్లెండర్ టెర్మినల్ నా దగ్గరే ఉండిపోతుంది. పాత ఫసాడ్ పెట్టెను బయటికి తీసి, రంగులు మార్చి, గేట్‌వే కోసం రెండో ప్రతిని సిద్ధం చేస్తున్నాను. 2286 మీటర్ల రన్‌వేను 3810 మీటర్లకు పెంచే విస్తరణ వల్ల నేను మొదట గీసిన కొన, లైట్లు, ట్యాక్సీ మార్గాలు అన్నీ పాతబడ్డాయి. రన్‌వే కొనను లాగి పొడిగించడానికి అర నిమిషం పట్టింది. దానికి తగ్గట్టు మార్గాల వలను తిరిగి అల్లడం ఇంకా సగంలోనే ఉంది.